వివాహ, విడాకుల రికార్డులు: ఖర్చు ఎవరిది? నష్టం ఎవరిది?

ఢిల్లీ నగరాన్ని ఆనుకొని, ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాదు జిల్లాలో వైశాలి అనే నివాస ప్రాంతం ఉన్నది. రాజధానిలో ఉద్యోగం చేస్తూ, అక్కడి అద్దెలు భరించలేక సరిహద్దుకు ఇవతల కాపురముంటున్న కుటుంబాలలో మన తెలుగు ఉద్యోగుల కుటుంబాలు కూడా ఉన్నవి. 2011 జూలైలో మెట్రో రైలు వైశాలి వరకు వచ్చింది. అక్కడ బండి ఎక్కితే తరువాతి స్టేషను కౌశాంబి, ఆ తరువాతిది ఆనంద్ విహార్. కౌశాంబి ఉత్తరప్రదేశ్‌లోనిది, ఆనంద్ విహార్ ఢిల్లీలోనిది. ప్రయాణం కొద్ది నిమిషాలు మాత్రమే. కాని ఆ కొద్ది నిమిషాలలోనే పెండ్లిని నమోదు చేసే నియమాలు, కార్యాలయం, రుసుము అన్నీ మారిపోతున్నవి.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2017లో చేసిన వివాహ నమోదు నియమావళిలో, పెండ్లి జరిగిన ఏడాది లోపల నమోదు చేయించుకుంటే రుసుము 10 రూపాయలు. ఆ పైన ఆలస్యమైన ప్రతి సంవత్సరానికి 50 రూపాయలు. సరిహద్దుకు అవతల ఢిల్లీ ప్రభుత్వ రెవెన్యూ శాఖ 2014లో ఒక్క రోజులో నమోదు పూర్తి చేసే 'తత్కాల్' పద్ధతిని ప్రవేశపెట్టి, దానికి 10,000 రూపాయలు నిర్ణయించింది. తత్కాల్ అనే మాట మన రైల్వే సోదరులకు కొత్తది కాదు. టిక్కెట్టు కౌంటరు నుండి అది పెండ్లి రిజిస్టరు దాకా ప్రయాణం చేసింది! ఒకచోట పది రూపాయలు, మరొకచోట పది వేలు. ఈ రెండింటిలో రికార్డు నిర్వహణకు అయ్యే అసలు ఖర్చు ఏది? ఆ ఖర్చును ఖజానా భరించవలెనా, కౌంటరు ముందు నిలబడిన మనిషి భరించవలెనా? ఈ ప్రశ్న మన సభ్యుల కుటుంబాలకు ఎంత దగ్గరిదో వివరించడానికే ఈ సంపాదకీయం.

మన ఉద్యోగ జీవితంలో వివాహ రికార్డు తగలని చోటు లేదు. రైల్వే పాసులో భార్య పేరు, సర్వీసు పుస్తకంలో కుటుంబ వివరాలు, గ్రాట్యుటీ నామినేషను, కుటుంబ పింఛను, వితంతువుకు లభించే పాసు - ఇవన్నీ "ఈమె ఇతని భార్య" అనే ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉన్నవి. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1966 నాటి రైల్వే ప్రవర్తనా నియమావళి రెండూ భార్య లేక భర్త జీవించి ఉండగా మరొక వివాహం చేసుకొనడాన్ని నిషేధిస్తున్నవి. ఐనప్పటికీ ఉద్యోగి మరణించిన పిమ్మట ఇద్దరు స్త్రీలు పింఛను కార్యాలయం ముందు నిలబడిన ఘట్టాలు మన శాఖా కార్యదర్శులకు తెలియనివి కావు. అప్పుడు పెండ్లి ఫోటోలు, గ్రామ పెద్దల సంతకాలు, శుభలేఖలు వెతుక్కొనవలసి వస్తున్నది. ముప్పై ఏండ్లు కాపురం చేసిన ఇల్లాలు తాను ఇల్లాలినని రుజువు చేసుకొనవలసిన దుస్థితి దేనివల్ల వచ్చింది? రిజిస్టరులో ఒక పంక్తి లేకపోవడం వల్ల వచ్చింది.

మన దేశంలో చట్టాలకు కొదువ లేదు. 1872లో క్రైస్తవ వివాహ చట్టం, 1886లో జనన మరణ వివాహ నమోదు చట్టం, 1954లో ప్రత్యేక వివాహ చట్టం, 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినవి. హిందూ వివాహ చట్టం 8వ సెక్షను నమోదు బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టానికి వదలిపెట్టింది. నమోదు తప్పనిసరి చేసిన చోట తప్పినవారికి జరిమానా 25 రూపాయలకు మించరాదని కూడా ఆ చట్టమే చెప్పింది. 1969లో జననాలు, మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. మనిషి పుట్టుకకు, చావుకు పుస్తకం పెట్టినవారు, ఆ రెండింటి నడుమ జరిగే పెండ్లిని మాత్రం ఆ పుస్తకంలో చేర్చలేదు.

1993 జూలైలో మన ప్రభుత్వం స్త్రీలపై వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్య సమితి చేసిన ఒడంబడికను ధ్రువీకరించింది. వివాహాలన్నిటినీ విధిగా నమోదు చేయవలెనన్న సూత్రాన్ని తాము సమర్థిస్తామని, కాని ఇంత విశాలమైన దేశంలో, ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతా స్థాయిలు ఉన్నచోట అది ఆచరణ సాధ్యం కాదని అప్పుడు ప్రకటించింది. ఇదే విశాల దేశంలో మారుమూల పల్లెకు ఉత్తరం చేరవేస్తున్నది తపాలా ఉద్యోగి కాదా? దేశం విశాలమైనదని చెప్పి ఏ పోస్టుమాన్ అయినా తన సంచిని దించి కూర్చున్నాడా?

2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు సీమా వర్సెస్ అశ్వనీ కుమార్ కేసులో, ఏ మతస్థులైనా భారత పౌరుల వివాహాలన్నీ విధిగా నమోదు కావలెనని ఆదేశించింది. ఈ విషయంలో మన ఆంధ్రప్రదేశ్ వెనుకబడి లేదు. 2002లోనే వివాహాల నిర్బంధ నమోదుకు చట్టం చేసింది. మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, హిమాచల్ ప్రదేశ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌ను కూడా సుప్రీంకోర్టు తన తీర్పులో పేర్కొన్నది. హైదరాబాదులో ఖాజీలు వ్రాసే సియాహా నకళ్ళు వక్ఫ్ బోర్డుకు చేరి, అక్కడి నుండి ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. కావున ప్రజలు రికార్డుకు వ్యతిరేకులనే మాట నిలువదు.

మరి పార్లమెంటు సంగతేమిటి? 1969 చట్టంలో వివాహాలను కూడా చేర్చేందుకు 2012లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. 2013లో ఆ సభ ఆమోదించింది. 2014లో లోక్‌సభ కాలం ముగియడంతో బిల్లు మురిగిపోయింది. 2017 జూలైలో లా కమిషను తన 270వ నివేదికలో అదే సిఫారసును తిరిగి చేసింది. 2023లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, వివాహ నమోదుకు జనన ధ్రువపత్రాన్ని ఆధారంగా తీసుకొనవలెనని వ్రాశారే కాని, వివాహాన్ని మాత్రం ఆ చట్టం పరిధిలోకి తీసుకురాలేదు. పెండ్లి వాకిట వరకు వచ్చి, లోపల అడుగుపెట్టకుండానే వెనుదిరిగారు.

ఇక ఖర్చు విషయానికి వద్దాము. ఉత్తరప్రదేశ్‌లోనూ, మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలు స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ కింద పనిచేస్తున్నవి. ఇండ్లు, స్థలాలు, పొలాల అమ్మకాల మీద స్టాంపు సుంకం రాబట్టడం ఆ శాఖ ప్రధాన కర్తవ్యం. ఒక్క ఫ్లాటు దస్తావేజు మీద ఖజానాకు లక్షల రూపాయలు వస్తున్నవి. పెండ్లి నమోదు మీద వచ్చేది పది రూపాయలు. ఆదాయపు గీటురాయి మీద కొలిచే శాఖలో ఈ పనికి సవతి బిడ్డ స్థానమే దక్కుతుంది. దస్తావేజులకు కంప్యూటర్లు, గుమాస్తాలు, గదులు ఏర్పడిన తరువాత మిగిలినదే పెండ్లి పుస్తకానికి. ఇది అక్కడి సిబ్బంది తప్పు కాదు. ఖాళీలు నింపకుండా, ఉన్నవారి మీదనే పని మోపుతూ, కాంట్రాక్టు మీద తెచ్చిన డేటా ఎంట్రీ వారితో శాశ్వత రికార్డులు వ్రాయించే విధానం తప్పు. శాశ్వతంగా ఉండవలసిన రికార్డును ఆరు నెలల కాంట్రాక్టు మనిషి చేతిలో పెట్టి, తరువాత పేరులో అక్షరం తప్పితే సవరణకు ప్రజలను తిప్పడం ఏమి పొదుపు?

రికార్డు నిర్వహణ అంటే ఒకసారి వ్రాసి మూసివేయడం కాదు. రిజిస్టరును చెదలు, చెమ్మ, అగ్ని నుండి కాపాడవలెను. కంప్యూటరులో ఎక్కించిన దానికి మరొకచోట నకలు ఉండవలెను. నలభై ఏండ్ల తరువాత వచ్చి అడిగినవారికి వెతికి ఇవ్వగల మనిషి ఉండవలెను. వీటన్నిటికీ డబ్బు కావలెను. కాని ప్రభుత్వం ఆ డబ్బు పెట్టనంత మాత్రాన ఖర్చు మాయమైపోదు. అది చేతులు మారుతుంది. సెలవు పెట్టి తిరిగిన రోజులుగా, రైలు ఛార్జీలుగా, అఫిడవిట్ల ఖర్చుగా, దళారి చేతిలో పెట్టిన నోట్లుగా మారి సామాన్యుని నెత్తిన పడుతుంది. ఆ ఖర్చు ఏ బడ్జెట్టు పత్రంలోనూ కనబడదు. కనబడనంత మాత్రాన లేనిది కాదు.

పెండ్లి రికార్డుకు కనీసం ఒక పుస్తకమైనా ఉన్నది. విడాకుల సంగతి మరీ అధ్వాన్నం. హిందూ వివాహ చట్టం కింద విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు, ఆ పెండ్లి నమోదైన కార్యాలయానికి ఆ సంగతి తెలియజేయవలెనన్న నిబంధన ఆ చట్టంలో లేదు. మన రైల్వే సోదరులకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఒక స్టేషను నుండి బండి బయలుదేరితే తరువాతి స్టేషనుకు తెలియజేస్తారు. బండి పూర్తిగా చేరిన తరువాత, సెక్షను ఖాళీ అయినదని వెనుకటి స్టేషనుకు తిరిగి తెలియజేస్తారు. ఆ రెండవ కబురు రాకపోతే లైను క్లియరు ఉండదు. మన వివాహ రిజిస్టరుకు మొదటి కబురు మాత్రమే అందుతున్నది. రెండవ కబురు ఎన్నటికీ రాదు. పదేండ్ల కిందట విడిపోయిన దంపతులు కూడా ఆ పుస్తకంలో నేటికీ దంపతులే!

ఇది సాధ్యం కాని పని అని ఎవరైనా అంటే, సాధ్యమని చూపే చట్టం మన దేశంలోనే 1936 నుండి ఉన్నది. పార్సీ వివాహ, విడాకుల చట్టం 10వ సెక్షను ప్రకారం విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు దాని నకలును వివాహ రిజిస్ట్రారుకు పంపవలెను. ఆయన దానిని ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయవలెను. అంతకు ముందే, 1876లో బెంగాలులో ముస్లిం వివాహాలతో పాటు విడాకుల నమోదుకు కూడా చట్టం చేశారు. 1935లో అస్సాంలో మరొకటి వచ్చింది. 2025 జనవరి నుండి ఉత్తరాఖండ్‌లో అమలులోకి వచ్చిన పౌరస్మృతి కూడా విడాకుల డిక్రీలను నమోదు చేయమంటున్నది. ఆ స్మృతిలోని తక్కిన అంశాలపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఆ చర్చ వేరు. మేము చెప్పేది ఇంతే - తొంభై ఏండ్ల కిందట ఒక చిన్న సమాజానికి చేసిపెట్టిన ఏర్పాటు, నేడు కోట్లాది ప్రజలకు చేయలేమనడం సాకు మాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మనలో ఎవరి ఇంటి కథైనా కాగలదు. విజయవాడలో పాయింట్స్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక సోదరుని కుమార్తె పెండ్లి అక్కడే నమోదైనది. అల్లుని ఉద్యోగం వల్ల ఆమె వైశాలిలో కాపురం పెట్టింది. కాపురం చెడింది. గాజియాబాదు కుటుంబ న్యాయస్థానంలో ఆమె విడాకులకు దరఖాస్తు చేసింది. వాయిదాలు సాగుతుండగా తండ్రి మరణించాడు. తల్లి కూడా పోయింది. ఆ తరువాత డిక్రీ వచ్చింది. ఆమె విజయవాడకు తిరిగి వచ్చింది. ఆదాయం లేదు.

ఆమెకు కుటుంబ పింఛను హక్కు ఉన్నదా? ఉన్నది. విడాకులు పొందిన కుమార్తెకు 25 ఏండ్ల వయఃపరిమితి లేకుండా కుటుంబ పింఛను ఇవ్వడానికి 2004లో ఉత్తర్వులు వచ్చినవి. కాని తల్లిదండ్రులు జీవించి ఉండగానే విడాకులు పూర్తయి ఉండవలెనని 2013లో ఇచ్చిన వివరణ అనేకులను దెబ్బతీసింది. 2017 జూలై 19 నాటి ఉత్తర్వు ఆ అన్యాయాన్ని కొంతవరకు సరిదిద్దింది - తల్లిదండ్రులలో ఒకరైనా జీవించి ఉండగా కోర్టులో దరఖాస్తు దాఖలై ఉంటే, డిక్రీ తరువాత వచ్చినా పింఛను ఇవ్వవలెనన్నది. అంటే ఆమె అన్నం ముద్ద ఒక తేదీ మీద ఆధారపడి ఉన్నది. ఆ తేదీ 1,700 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, గాజియాబాదు కోర్టు రికార్డు గదిలోని కట్టలో ఉన్నది. డిక్రీ నకలును ఇరుపక్షాలకూ ఉచితంగా ఇవ్వవలెనని హిందూ వివాహ చట్టం 23వ సెక్షను చెబుతున్నది. కాని ఇల్లు మారిన గందరగోళంలో ఆ ఒక్క కాగితం పోతే? మళ్ళీ నకలు అర్జీ, వకీలు, రైలు ప్రయాణం. విజయవాడ రిజిస్టరు చూడబోతే, అందులో ఆమె ఇంకా ఒకరి భార్యయే.

2016 నుండి కుటుంబ పింఛను కనిష్ఠ మొత్తం నెలకు 9,000 రూపాయలు, దానిపై కరువు సహాయం. ఒక్క ఏడాది ఆలస్యమైతే 1,08,000 రూపాయలు ఆమె చేతికి అందకుండా నిలిచిపోతవి. బకాయిలు తరువాత రావచ్చు. కాని ఆ ఏడాది పాటు ఆమె తిన్న అప్పు ఎవరు తీరుస్తారు? ఇంతటి నష్టాన్ని నివారించడానికి కావలసినది ఏమిటి? గాజియాబాదు కోర్టు నుండి విజయవాడ కార్యాలయానికి ఒక నకలు, ఒక కవరు, దానిపై తపాలా ఖర్చు. అక్కడ రిజిస్టరు అంచున రెండు పంక్తులు వ్రాసే గుమాస్తా. ఇదీ ప్రభుత్వం భరించలేనంటున్న భారం!

రికార్డుల ఖర్చు తగ్గించుకొన్న దేశాల అనుభవం కూడా చూడదగినది. అమెరికాలో కేంద్ర ఆరోగ్య గణాంక సంస్థ 1996 జనవరి నుండి, బడ్జెట్టు మొదలైన కారణాలు చెప్పి, వివాహ విడాకుల సవివర సమాచార సేకరణను నిలిపివేసింది. అటు తరువాత ఏండ్ల తరబడి, జనాభాలో అక్కడి అతి పెద్ద రాష్ట్రమైన కాలిఫోర్నియా విడాకుల సంఖ్య లేకుండానే జాతీయ లెక్కలు వెలువడినవి. మన దేశం సంగతి? 2011 జనగణనలో విడాకులు పొందినవారు సుమారు 13 లక్షల 60 వేల మందిగా తేలింది. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవారు వారికి దాదాపు మూడు రెట్లు. కోర్టు గడప ఎక్కలేక, ఏ కాగితమూ లేక బ్రతుకుతున్నవారు వీరు. వీరి కోసం పథకాలు వేయవలసిన ప్రభుత్వం పదేండ్లకొకసారి జరిగే జనగణన మీద ఆధారపడుతున్నది. 2021లో జరగవలసిన ఆ జనగణన కూడా సకాలంలో జరగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మేము రికార్డు కోరుతున్నాము; నిఘాను కాదు. ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసును గోడకు అంటించడం వల్ల కులాంతర, మతాంతర వివాహాలు చేసుకొనే యువతీ యువకులు బెదిరింపులకు గురవుతున్నారు. 2021 జనవరి 12న అలహాబాదు హైకోర్టు, దంపతులు వ్రాతపూర్వకంగా కోరితే తప్ప ఆ నోటీసును ప్రచురించనక్కరలేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును మేము స్వాగతిస్తున్నాము. అట్లే, నమోదు కానంత మాత్రాన వివాహం చెల్లకుండా పోదని హిందూ వివాహ చట్టం 8వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. ఈ రక్షణను తొలగించే ఏ ప్రయత్నాన్నైనా ప్రతిఘటించవలసి ఉంటుంది. పేదరాలి పెండ్లికి పుస్తకం అండగా ఉండవలెను గాని, పుస్తకంలో లేదని ఆమె పెండ్లినే కాదనరాదు.

కావున కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ముందు ఈ క్రింది కోర్కెలను ఉంచుతున్నాము:

1. వివాహ నమోదు, మొదటి ధ్రువపత్రం దేశమంతటా ఉచితంగా ఇవ్వవలెను. డబ్బు ఉన్నవానికి ఒక వరుస, లేనివానికి మరొక వరుస పెట్టే తత్కాల్ రుసుములు రద్దు కావలెను.

2. విడాకుల డిక్రీ ఇచ్చిన ప్రతి కోర్టు, ఆ వివాహం నమోదైన కార్యాలయానికి తన ఖర్చుతో నకలు పంపవలెను. దరఖాస్తు దాఖలైన తేదీ, డిక్రీ తేదీ రెండూ రిజిస్టరులో చేరవలెను.

3. లా కమిషను 2017లో సిఫారసు చేసిన విధంగా 1969 చట్టాన్ని సవరించి వివాహాలను, వాటితో పాటు విడాకులను కూడా అందులో చేర్చవలెను.

4. రికార్డుల నిర్వహణకు స్టాంపు ఆదాయంతో నిమిత్తం లేకుండా బడ్జెట్టులో ప్రత్యేక కేటాయింపు ఉండవలెను. ఖాళీలను శాశ్వత సిబ్బందితో నింపవలెను.

5. కుటుంబ పింఛను కేసులలో కోర్టు నుండి, రిజిస్ట్రారు నుండి ధ్రువీకరణ తెప్పించుకొనే బాధ్యత కార్యాలయానిదే కావలెను. ఆ స్త్రీని ఊరూరా తిప్పరాదు.

6. విడాకుల నమోదు వివరాలు సంబంధిత వ్యక్తులకు, వారి వారసులకు, హక్కు నిర్ణయించే కార్యాలయాలకు మాత్రమే అందవలెను.

ఈ కోర్కెలు నెరవేరే వరకు మనం చేయగలిగినది కూడా ఉన్నది. ప్రతి సభ్యుడు తన వివాహాన్ని, తన బిడ్డల వివాహాలను నమోదు చేయించవలెను. సర్వీసు రికార్డులోని కుటుంబ వివరాలను ఎప్పటికప్పుడు సరిచూసుకొనవలెను. ఇంటి ఆడబిడ్డ కాపురం చెడి కోర్టుకు వెళ్ళవలసి వస్తే, సిగ్గుపడి ఆ సంగతి దాచవద్దు. దరఖాస్తు నకలు, దాఖలైన తేదీ, కేసు నంబరు భద్రపరచవలెను. ఆ తేదీయే రేపు ఆమెకు ఆధారం కావచ్చు. డిక్రీ రాగానే ఉచిత నకలును అడిగి తీసుకొని, దాని ప్రతిని పింఛను కార్యాలయానికి రిజిష్టరు చేసి, రశీదు దాచుకొనవలెను. విడాకుల కేసు నడుస్తున్న మహిళా ఉద్యోగినులు, భర్త కంటె ముందు తమ పిల్లలకు కుటుంబ పింఛను చెందేలా కోరుకొనవచ్చునని 2024 జనవరిలో కేంద్ర పింఛను శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఈ సంగతి తెలియని సోదరీమణులు అనేకులు ఉన్నారు. శాఖా కార్యదర్శులు దీనిని నోటీసు బోర్డు మీద ఉంచి, చదివి వినిపించవలసినదిగా విజ్ఞప్తి చేస్తున్నాము.

రికార్డులు వ్రాయడం, కాపాడడం మన వృత్తిలో భాగం. ఏ స్టేషనులో ఏ బండి ఏ నిమిషానికి వచ్చినదో రైల్వే ఉద్యోగి వ్రాసి ఉంచుతున్నాడు. ఎవరి మనియార్డరు ఎవరికి ఏ తేదీన అందినదో తపాలా ఉద్యోగి వ్రాసి ఉంచాడు. ఆ పని విలువ మనకు తెలుసు. బండ్ల రాకపోకలకు, ఉత్తరాల బట్వాడాకు ఇంతటి శ్రద్ధ చూపిన దేశం, మన ఆడబిడ్డల జీవితాలను నిర్ణయించే రెండు తేదీలకు ఆ శ్రద్ధ చూపలేదా? చూపగలదు. అందుకు అయ్యే ఖర్చు ప్రజలది, ప్రజల కోసం పెట్టవలసినది. దానిని సాధించుకొనే బాధ్యత మనది.